చిన్నమ్మలు కుడి బుగ్గ

అమలాపురంలో లైబ్రరీ వీధికి వెళ్ళి చిన్నమ్మలు ఇస్త్రీ బండి ఎక్కడని అడగండి, ఎవరైనా చూపిస్తారు. మనిషి ఎలా ఉంటుందని అడిగితే మాత్రం నోటితో చెప్పరు, కుడి బుగ్గ మీద చెయ్యేసి చూపిస్తారు. అదీ ఆవిడ ఆనవాలు. కంటి కింద నుంచి దవడ దాకా, అరచెయ్యంత మేర, మాడిన అట్టు అంచు రంగులో ఒక మచ్చ. పుట్టుమచ్చ కాదు, వాత కాదు, జబ్బు అంతకన్నా కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నిప్పు పక్కన నిలబడి సంపాదించుకున్న మచ్చ.

అదెలా వచ్చిందో చెప్పాలంటే అత్తగారి దగ్గర మొదలుపెట్టాలి. చిన్నమ్మలుది కొత్తపేట దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదో ఏట గంగరాజును చేసుకుని అమలాపురం వచ్చింది. అత్తగారు బంగారమ్మ మహా గట్టి మనిషి. కాపురానికి వచ్చిన నాలుగో రోజున కోడలి చేతికి ఇస్త్రీపెట్టె ఇచ్చింది. ఆ పూటే కోడలు ఒక ప్లీడరు గారి తెల్ల చొక్కా వీపు మీద పెట్టె అచ్చు గుద్దేసింది. ఇంకేముంది, ఇవాళ నా పని అయిపోయిందనుకుంది పిల్ల. బంగారమ్మ పల్లెత్తు మాట అనలేదు. కొబ్బరి చిప్పల బొగ్గు మళ్ళీ రాజేసింది. పెట్టె మూత కొక్కెం బిగించింది. పెట్టెను నిలువుగా లేపి, అడుగు తన చెంప వైపు తిప్పి, రెండు వేళ్ళ ఎడంలో పట్టుకుంది. కళ్ళు అరమూసి మనసులో మూడు లెక్కపెట్టింది.

"నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమంటది. కాలిందని చెప్తది గానీ ఎంత కాలిందో చెప్పదే. చేతులంటావా, పని చేసి చేసి మొద్దుబారిపోతాయి. బుగ్గకే తెలుస్తది. పట్టుకొక వేడి, మల్లుకొక వేడి, గంజి పంచెకొక వేడి" అంది.

అప్పుడు చూసింది చిన్నమ్మలు, అత్తగారి కుడి బుగ్గ మీద మచ్చని.

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆవిడ చేతిలో ఒక్క బట్ట కాలలేదు. ఇది గొప్పకి చెబుతున్న మాట కాదు, వీధిలో ఎవరినైనా అడగవచ్చు. పెళ్ళిపట్టుచీరలు ముమ్మిడివరం నుంచి కూడా వస్తాయి. శనివారం వచ్చిందంటే చర్చికి వెళ్ళేవాళ్ళ తెల్లచీరలు, తెల్లచొక్కాలు బండి మీద గుట్టలుగా పడతాయి. రాహేలు టీచరు గారైతే తన తెల్లచీర ఇంకెవరి చేతికీ ఇవ్వరు. గంగరాజు మస్కట్‌లో ఒక లాండ్రీలో తొమ్మిదేళ్ళు చేసి తిరిగి వస్తూ పెళ్ళానికని మెరిసిపోయే కరెంటు పెట్టె పట్టుకొచ్చాడు. దాని మీద చక్రం తిప్పుకుంటే ఏ బట్టకి ఎంత వేడో అదే చూసుకుంటుందని చెప్పాడు. చిన్నమ్మలు రెండు రోజులు తిప్పి చూసింది. మూడో రోజున దాన్ని అటకెక్కించి, మళ్ళీ బొగ్గుల పెట్టె దించింది.

పనికి పేరొచ్చింది సరే, మొహానికి వచ్చిన పేరు వేరు. మాడుబుగ్గ అని పిలిచేవాళ్ళు కుర్రకారు. వినీ విననట్టు ఊరుకునేది. కానీ కూతురు వీరదుర్గ పెళ్ళినాడు మాత్రం తట్టుకోలేకపోయింది. ఫొటోలు తీసేముందు వీరదుర్గ పౌడరు డబ్బా పట్టుకొచ్చి తల్లి కుడి బుగ్గ మీద మందంగా అద్దింది. అయినా మచ్చ దాగకపోతే, ఎడంబుగ్గ ఇటు తిప్పి నిలబడమ్మా, పమిట ఇలా పైకి లాక్కో అని చెప్పింది. పిల్లది తప్పనడానికి లేదు. కొత్తగా వచ్చే అత్తింటివాళ్ళ ముందు ఏ ఆడపిల్లకైనా ఉండే బెరుకే అది. కానీ ఆ ఆల్బం తెరిస్తే ప్రతి ఫొటోలోనూ చిన్నమ్మలు ఎవరో పిలిస్తే పక్కకి చూస్తున్నట్టే ఉంటుంది. అప్పటి నుంచి ఆవిడ ఏ ఫొటోకీ ఎదురుగా నిలబడలేదు. ఆధారు కార్డులో తప్ప. అక్కడ ఆవిడ మాట వినలేదు వాళ్ళు.

ఇలా ఉండగా ఈ ఏడాది లైబ్రరీకి నూరేళ్ళు నిండాయి. పండగ చెయ్యాలన్నారు. సెక్రటరీ హరిబాబు ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ ఉన్న పాత వస్తువులు తెప్పించి మూడు రోజుల ప్రదర్శన పెడదామన్నాడు. తంబురాలు, తాళపత్రాలు, ఇత్తడి దీపాలు, తాతల నాటి గడియారాలు పోగయ్యాయి. అన్నిటిలోకీ ఘనమైనది డ్రాయింగు మాస్టారు నారాయణమూర్తి గారింట్లో ఉన్న ఫ్రెంచి బొమ్మ. మాస్టారి తాతగారు యానాంలో దొరల దగ్గర గుమాస్తాగా చేసేవారట. ఒక దొర బదిలీ అయి వెళ్ళిపోయేటప్పుడు దొరసాని గుర్తుగా ఇచ్చిందట. అచ్చు వేసి పైన చేత్తో రంగులు అద్దిన బొమ్మ. నూటయాభై ఏళ్ళ పైమాటే అంటారు మాస్టారు.

చిన్నమ్మలు ఆ ఇంటికి పంచెలు చేరవెయ్యడం ముప్ఫై ఏళ్ళుగా ఉన్నదే. అయితే వసారా గుమ్మం దగ్గర ఇచ్చి అట్నుంచి అటే వచ్చేయడం తప్ప ముందుగదిలోకి అడుగుపెట్టిన పాపాన పోలేదు. బొమ్మ ముందుగదిలో గోడకి ఉండేది. ప్రదర్శనకి ఇంకా మూడు రోజులుందనగా మాస్టారు దాన్ని దించి, అరుగు మీద పెట్టి, అద్దం తుడుస్తూ కూర్చున్నారు. చిన్నమ్మలు పంచెలు తెచ్చింది. బొమ్మ చూసింది. చూసి అలాగే నిలబడిపోయింది.

బొమ్మలో ఒక గదిలో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. జాకెట్ల చేతులు మోచేతుల పైకి ఎగదోసుకున్నారు, మెడ దగ్గర గుండీలు విప్పుకున్నారు. ఒకావిడ బల్ల మీదకి రెండు చేతులతో వంగి ఉంది. ఒకావిడ గిన్నెలో వేళ్ళు ముంచి చిలకరిస్తోంది. ఒక పిల్ల గుమ్మంలో పెద్ద బుట్టతో నిలబడింది. నాలుగో ఆవిడ కళ్ళు అరమూసుకుని, పిడి ఉన్న వస్తువేదో చెంప దగ్గర పట్టుకుని ఉంది. మధ్యలో పొట్టిగా ఒక ఇనప పొయ్యి. గోడల నిండా తెల్లగా వేలాడుతున్న బట్టలు. కిటికీ అవతల పట్నం వీధి, గుర్రబ్బండి, పొడుగుటోపీ పెట్టుకుని గడియారం చూసుకుంటున్న ఒక పెద్దమనిషి.

మాస్టారు మంచి హుషారుగా ఉన్నారేమో, అడక్కుండానే బొమ్మ విప్పి చెప్పారు. వీళ్ళు విందుకి వెళ్ళబోయే దొరసానులట. సింగారించుకుంటున్నారట. గిన్నె ఉన్నావిడ పన్నీరు చల్లుతోంది. వంగినావిడ బల్ల మీద నగలు ఏరుకుంటోంది. పిల్ల చేతిలోది పువ్వుల బుట్ట. పొయ్యి కాదది, స్నానానికి నీళ్ళు కాగే డేగిసా, పక్కన ఆనించినవి చెంబులు. చెంప దగ్గర పట్టుకున్నది చేతి అద్దం. ఆ బుగ్గ మీద ఎర్రగా ఉన్నది చూశావా, రంగు పూసుకుంది. బయట టోపీ ఆయన ప్రియుడు. వాళ్ళ నాన్నగారు అలాగే చెప్పేవారట, నాన్నగారికి తాతగారు చెప్పారట. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఆ బొమ్మ పేరు సింగారం బొమ్మ.

చిన్నమ్మలుకు అవేమీ చెవికెక్కలేదు. ఆవిడ చూపు నాలుగో ఆవిడ బుగ్గ మీదే ఉంది. అది పూసిన రంగు కాదు. రంగైతే రెండు బుగ్గలకీ పూస్తారు. ఒక్క కుడిబుగ్గకి పూసుకునే వెర్రిది ఏ దేశంలో ఉంటుంది?

"మాస్టారండీ, అద్దం కాదండది. ఇస్త్రీపెట్టెండి. వేడి చూసుకుంటందండి" అంది.

మాస్టారు నవ్వారు. ఎగతాళికి కాదు, ముద్దుగానే నవ్వారు. ఎవరికి ఏది అలవాటైతే అదే కనపడుతుందిలే అన్నారు. చిన్నమ్మలు వదల్లేదు. ఆ పొయ్యి చుట్టూ ఆనించినవి చెంబులు కాదండి, ఒకటి చల్లారితే ఇంకోటి తీసుకోడానికి కాల్చుకునే ఇనప దిమ్మలండి అంది. పన్నీరు కాదండి, మామూలు నీళ్ళండి, నీళ్ళు చల్లకపోతే ముడత పోదండి అంది. ఆఖరికి, ఇది శనివారం అండి అని కూడా అంది. అదెలా తెలిసిందే నీకని మాస్టారు అడిగితే, చూడండి ఒక్క రంగుబట్టా లేదు, అన్నీ తెల్లవే, రేపు చర్చికండి, ఆ టోపీ ఆయన చొక్కా కోసం నిలబడ్డాడండి అంది. పటం వెనక ఏమైనా రాసుందేమో విప్పి చూడమంది. అది మాత్రం కుదరదన్నారు మాస్టారు. తాతగారు కొట్టించిన మేకులు, తుప్పుపట్టి ఉన్నాయి, కదిపితే బొమ్మ చిరుగుతుందని భయం ఆయనకి. ఆ మాటతో సంభాషణ అయిపోయింది.

ఆ పూట చిన్నమ్మలు అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచింది. బొమ్మ ఎవరిదైతేనేం, ఎవరు ఏమనుకుంటేనేం అని గంగరాజు అడిగాడు. ఏం చెబుతుంది? లోకంలో ఎక్కడో ఒక పట్నంలో, తను పుట్టడానికి వందేళ్ళ ముందు, తన బుగ్గలాంటి బుగ్గ ఇంకొకావిడకి ఉండేది. దాన్ని ఎవరో కూర్చుని శ్రద్ధగా బొమ్మ గీశారు. గీసిన బొమ్మని సముద్రాలు దాటించి తెచ్చుకుని గోడకి పెట్టుకున్నారు. ఇంతా చేసి ఇప్పుడు ఆ మచ్చను రంగంటున్నారు, ఆ పనిని సింగారం అంటున్నారు. ఒళ్ళు మండదూ మరి! ఆవిడకి కావలసింది ఒక్కటే. ప్రదర్శనలో ఆ బొమ్మ కింద పెట్టే చీటీ మీద ఉన్నమాట రాయాలి.

మర్నాడు హరిబాబు దగ్గరికి వెళ్ళింది. హరిబాబు చెడ్డవాడేం కాదు, లైబ్రరీ కోసం కాళ్ళరిగేలా తిరిగే మనిషి. కాకపోతే అప్పటికే గేటుకి ఫ్లెక్సీ కట్టించేశాడు. సింగారించుకుంటున్న ఫ్రెంచి దొరసానులు, తప్పక దర్శించండి అని దాని మీద అడుగేసి అక్షరాలున్నాయి. చిన్నమ్మలు చెప్పిందంతా నిచ్చెన పట్టుకుని విన్నాడు. విని, నిజంగా ఆశ్చర్యపోతూ అడిగాడు.

"బట్టలు ఇస్త్రీ చేసుకునేవాళ్ళని బొమ్మ గీసి గోడకెవరు పెట్టుకుంటారే, చిన్నమ్మలూ?"

ఆవిడ వెనక్కి తిరిగింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. బండి దగ్గరికి తిరిగి వచ్చి పెట్టె అందుకుని, అలవాటు కొద్దీ చెంప దగ్గరికి తీసుకుంది. రోడ్డు మీద ఎవరో చూస్తున్నట్టనిపించి గభాల్న దించేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో అలా దించెయ్యడం అదే మొదటిసారి.

ప్రదర్శన శనివారం మధ్యాహ్నం మొదలైంది. లైబ్రరీ గేటుకి సరిగ్గా ఎదురుగా చిన్నమ్మలు బండి. బొగ్గులు కణకణలాడుతున్నాయి, తెల్లచీరలు గుట్టగా ఉన్నాయి. శనివారం ఒంటిపూట బడి కావడంతో వీరదుర్గ మామిడికుదురు నుంచి వచ్చింది. అక్కడ ప్రైవేటు బళ్ళో టీచరు తను. తల్లి సంగతంతా ఫోనులో విని ఉంది. మనకెందుకమ్మా ఈ గొడవ, నలుగురిలో నవ్వులపాలవుతామని మెల్లిగా నచ్చజెప్పింది. చిన్నమ్మలు ఊఁ కొట్టింది. ఊఁ కొట్టి, పెట్టెను బండి మీద దించి, చేతులు తుడుచుకుని, నేరుగా రోడ్డు దాటి లైబ్రరీ హాలు గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. వీరదుర్గ వెనకాలే పరిగెత్తింది.

హాలు కిటకిటలాడుతోంది. బొమ్మ ముందు యానాం నుంచి వచ్చిన ఉమామహేశ్వరి గారున్నారు. కాలేజీలో ఫ్రెంచి పాఠం చెబుతారావిడ. ఫ్రెంచి బొమ్మ కదా, రెండు మాటలు మాట్లాడండని హరిబాబే పిలిపించాడు. మైకు చేతికిచ్చాడు. ఆవిడ మైకు పక్కన పెట్టేసి, కళ్ళజోడు సర్దుకుని, బొమ్మకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూశారు. చివరికి, వీళ్ళు దొరసానుల్లా లేరండీ, ఈ చేతులు కష్టం చేసే చేతులు, చెక్కచెప్పులు చూడండి అన్నారు. ఇలాంటి బొమ్మలకి అడుగున పేరు అచ్చేసి ఉండాలి, ఇక్కడ లేదేమిటని మాస్టారిని అడిగారు. పేరు తామెప్పుడూ చూడలేదన్నారు మాస్టారు. బొమ్మలో నాలుగో ఆవిడ చెంప దగ్గర పట్టుకున్నదేమిటో తనకీ అంతుపట్టడం లేదని ఒప్పుకున్నారు ఉమామహేశ్వరి గారు. అద్దమేనండి అన్నాడు హరిబాబు.

"అద్దం కాదండి" అని గుమ్మంలోంచి వినపడింది.

అందరూ తిరిగి చూశారు. హరిబాబు మొహం మాడ్చుకుని, నువ్వు పనిచూసుకోమ్మా అని చెయ్యి ఊపాడు. వీరదుర్గ తల్లి మోచెయ్యి పట్టుకుంది. ఉమామహేశ్వరి గారు మాత్రం ఇటు నాలుగడుగులు వేసి, మీకు తెలుసా అమ్మా, చెప్పండన్నారు. చెప్తే నమ్మరండి, ఒక్క నిమిషం ఆగండని చిన్నమ్మలు వెనుదిరిగింది. రోడ్డు దాటి వెళ్ళి, మసిగుడ్డతో పిడి పట్టుకుని, బొగ్గులు నిండిన పెట్టెతో వచ్చింది. జనం తప్పుకుని దారిచ్చారు. నిప్పుల పెట్టెతో ఎవరైనా వస్తుంటే దారివ్వక చస్తారా.

బొమ్మ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. మూత కొక్కెం బిగించింది. ఎడం చేత్తో పమిట వెనక్కి లాక్కుంది. పెట్టె లేపి, అడుగు చెంప వైపు తిప్పి, రెండు వేళ్ళ ఎడంలో పట్టుకుంది. మెడ కాస్త వాల్చి, కళ్ళు అరమూసింది. మనసులో లెక్కపెట్టుకుంది.

జనం బొమ్మనీ ఆవిడనీ మార్చి మార్చి చూశారు. ఆ మోచెయ్యి వంపు, ఈ మోచెయ్యి వంపు ఒకటే. ఆ మెడ, ఈ మెడ ఒకటే. అక్కడ బుగ్గ మీద ఎరుపు ఎంత మేర ఉందో, ఇక్కడ మచ్చ అంత మేరే ఉంది. పక్కపక్కన పెట్టి చూశాక ఇక వాదించడానికేముంది? ఉమామహేశ్వరి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండిపోయారు. మాస్టారి సంగతి చెప్పనక్కర్లేదు. డెబ్బై ఏళ్ళుగా రోజూ చూస్తున్న బొమ్మ, ముప్ఫై ఏళ్ళుగా రోజు విడిచి రోజు చూస్తున్న మనిషి. రెండిటినీ ఒక్కసారి కూడా కలిపి చూడలేదు డ్రాయింగు మాస్టారు. ఆయన లేచి వచ్చి బొమ్మ గోడ మీంచి దించారు. స్క్రూడ్రైవరు ఒకటి తెప్పించండి హరిబాబూ, విప్పుతానన్నారు.

తాతగారి మేకులు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. అట్ట తీస్తే అసలు సంగతి బయటపడింది. ఆ పటం చట్రం అసలు ఫ్రెంచి బొమ్మ కోసం చేసిందే కాదు. శ్రీరామ పట్టాభిషేకం పటానికి చేయించిన చట్రం. బొమ్మ దానికన్నా పొడుగు. కట్టినవాడు పెద్దగా ఆలోచించకుండా అడుగున మూడు వేళ్ళ వెడల్పు వెనక్కి రెండు మడతలు చుట్టి, అక్షరాలు లోపలికి పోయేలా, మేకులు కొట్టేశాడు. వందేళ్ళ గోదావరి చెమ్మకి ఆ మడత బొమ్మ వీపుకి అతుక్కుపోయి, అప్పడంలా బిగుసుకుపోయింది. అంచున ఒకటి రెండు అక్షరాల తోకలు మాత్రం కనపడుతున్నాయి.

ఉమామహేశ్వరి గారు వేలు పెట్టబోయి ఆగిపోయారు. విప్పబోతే మడత దగ్గర విరుగుతుంది, అక్షరాలు పోతాయి, దీన్ని పాండిచ్చేరి పంపించాలి, అక్కడ దీనికి పనివాళ్ళున్నారన్నారు. ఎన్నాళ్ళు పడుతుందని మాస్టారు అడిగారు. ఆర్నెల్లు, ఏడాది అన్నారావిడ. హరిబాబు చటుక్కున అందుకుని, అయితే అప్పటిదాకా చీటీ అలాగే ఉంచుదామన్నాడు.

చిన్నమ్మలు వంగి మడత చూసింది. గోటితో మెల్లిగా తాకింది. ఆ అంచుకి రంగులేమీ లేవు గదండీ, ఒట్టి నల్ల అచ్చే గదండీ అని అడిగింది. అవునన్నారు ఉమామహేశ్వరి గారు. అయితే ఇలా ఇవ్వండి, నేను తీస్తానంది.

హాలంతా గగ్గోలెత్తింది. కాగితం మీద ఇస్త్రీపెట్టా? తాతల నాటి బొమ్మ మీద నిప్పులా? వీరదుర్గ తల్లి దగ్గరికి జరిగింది. కాలితే ఇంకేమైనా ఉందా? మాస్టారి బొమ్మ పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ పేరు ఊరందరి ముందూ బూడిదవుతుంది. వద్దమ్మా అని తల్లి చెవిలో అంది. చిన్నమ్మలు మాస్టారి వైపే చూస్తోంది. బొమ్మ ఆయనది, చెప్పవలసింది ఆయనే.

"నువ్వు కాలిస్తే కాలనీ. చెయ్యి" అన్నారు మాస్టారు.

అప్పుడు చూడాలి చిన్నమ్మలుని. రాహేలు టీచరు గారి తెల్లచీర తెప్పించి మడతలు పెట్టి బల్ల మీద పరిచింది. దాని మీద బొమ్మను బోర్లా పెట్టింది. ఇస్త్రీకొచ్చిన మాస్టారి పాత మల్లుపంచె ఆయన్నడిగి చింపి, ఒక పీలిక తడిపి, నీటిచుక్క రాలనంత గట్టిగా పిండి, మడత మీద మాత్రం వేసింది. దాని పైన పొడి పీలిక వేసింది. పెట్టె చెంప దగ్గర పెట్టుకుంది. తల అడ్డంగా ఊపి దించేసింది. ఎక్కువ వేడి. మూత తీసి సగం బొగ్గులు చట్టిలో పోయించింది. మళ్ళీ పెట్టుకుంది. ఊహూఁ. జనం గొణుగుతున్నారు. ఆవిడ తొందర పడలేదు. పట్టుకి ఒక వేడి, మల్లుకి ఒక వేడి తెలుసు ఆవిడకి. నూటయాభై ఏళ్ళ కాగితానికి ఎంత వేడో ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసిలేదు. బుగ్గే చెప్పాలి. నాలుగోసారి పెట్టుకున్నప్పుడు కళ్ళు పూర్తిగా మూసుకుంది. మూడు కాదు, ఆరు లెక్కపెట్టింది. ఆయ్, చాలు అంది ఎవరితోనో అన్నట్టు.

పెట్టె ఆనించీ ఆనించనట్టు పీలిక మీద పోనిచ్చింది. సన్నగా ఆవిరి లేచింది. తీసింది. మళ్ళీ పోనిచ్చింది. మూడోసారికి పీలికలు తొలగించి, గోరు కింద పెట్టి, నిద్రపోతున్న పసిపిల్ల చేతిలోంచి గాజు తీసినట్టు మడతను ఎత్తింది. వచ్చేసింది. చిరగలేదు, విరగలేదు. తిరగేసి, పొడి పీలిక మీంచి ఒక్కసారి చదును చేసి, పక్కకి తప్పుకుంది.

నల్లటి అక్షరాలు వరుసగా బయటికొచ్చాయి. ఉమామహేశ్వరి గారు వంగి చదివారు. చదివి తలెత్తి చిన్నమ్మలు వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుని పైకి చదివారు, హాలు చివరి దాకా వినపడేలా.

"సామ్‌దీ. లే రెపాసూజ్. సామ్‌దీ అంటే శనివారం. రెపాసూజ్ అంటే ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు. శనివారం నాడు ఇస్త్రీ చేసేవాళ్ళు, అదీ ఈ బొమ్మ పేరు. చిన్నమ్మలు గారూ, మీరు చదువుకున్నట్టు నేను చదువుకోలేదండీ."

శనివారం అన్న మాట చెవిన పడగానే మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. నాకు మూడు రోజుల కిందటే చెప్పింది, శనివారమని కూడా చెప్పింది, నవ్వేను నేను, అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడం మొదలుపెట్టారు. చప్పట్లు ఎవరు మొదలెట్టారో గానీ ఆగలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో చిన్నమ్మలు పేరు చివర గారు తగిలించినవాళ్ళు లేరు. ఆ మాట ఆవిడకి చప్పట్ల కన్నా గట్టిగా వినపడింది. పెట్టె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది, నవ్వింది కూడా.

హరిబాబు అచ్చు చీటీని తనే చింపాడు. మొహం చిన్నబోయి ఉంది గానీ మనిషి మంచివాడే, చెప్పాం కదా. తెల్ల అట్టముక్క, స్కెచ్ పెన్ను పట్టుకొచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. మొన్నటి ఏకవచనం ఎటు పోయిందో పోయింది.

"ఏం రాయమంటారండి?" అని అడిగాడు.

చిన్నమ్మలు ఆలోచించింది. మాటలు వెతుక్కుంటూ చెప్పింది, అతను అక్షరం పొల్లుపోకుండా రాశాడు. శనివారం. ఇస్త్రీ చేసే ఆడవాళ్ళు. ఒకావిడ బుగ్గతో వేడి చూసుకుంటోంది. అంతే. గోడకి ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్నకి జవాబు గోడ మీదే ఉంది కనక ఆవిడ నోటితో చెప్పలేదు.

చట్రం లేకుండానే బొమ్మను మళ్ళీ గోడకి తగిలించాక, ఫొటోగ్రాఫరు ఆవిడని పక్కన నిలబడమన్నాడు. వీరదుర్గ పెళ్ళికి ఫొటోలు తీసింది ఇతనే. పాత అలవాటున, ఎడంబుగ్గ ఇటు తిప్పమ్మా, పమిట కాస్త పైకి అన్నాడు. చిన్నమ్మలు చెయ్యి తనంతట తనే పమిట మీదకి వెళ్ళింది. అది అక్కడికి చేరేలోపు వీరదుర్గ వచ్చి పట్టుకుంది. పమిట కిందికి దించి భుజం మీద సర్దింది. తల్లి కుడిబుగ్గను అరచేత్తో ఒకసారి నిమిరింది. చెంపలు తడిసి ఉన్నాయి ఇద్దరికీ.

"కుడిపక్క నుంచి తియ్యండి, అంతా కనపడాలి. మా అమ్మండి ఆవిడ" అంది ఫొటోగ్రాఫరుతో.

చిన్నమ్మలు మొహం పూర్తిగా ఇటు తిప్పి, పెట్టె లేపి, చెంప దగ్గర పెట్టుకుని, ఈసారి కళ్ళు మూసుకోకుండా కెమెరా వంకే చూసింది.

ఇంకా ఉండమన్నారు, కాఫీ తాగమన్నారు. మళ్ళీ వస్తానండి అని రోడ్డు దాటింది. బండి మీద తెల్లచీరలు ఇంకా పదకొండున్నాయి, రాహేలు టీచరు గారిది మొదటి నుంచీ మళ్ళీ చెయ్యాలి. రేపు ఆదివారం.